నోటి వీసా

ఒక దేశపు వీసా మాకు ఉచితంగా దొరుకుతుంది. దరఖాస్తు అక్కర్లేదు, ఫొటోలు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. ఇల్లు అద్దెకు అడిగితే చాలు, చేతిలో పెడతారు. రిజర్వేషన్ అడిగితే ఇస్తారు. కూలిన మసీదు గురించి నోరు విప్పితే ఇస్తారు. 'ఇక్కడ అంత కష్టంగా ఉంటే పాకిస్తాన్ పోండి' అంటారు. టీ బంకు దగ్గర కూర్చున్నవాడికీ ఈ వీసా ఇచ్చే అధికారముంది, చట్టసభలో కూర్చున్నవాడికీ ఉంది.

నోటి వీసాలు పంచే పెద్దలారా! అసలు వీసా ఎలా ఉంటుందో మీకు తెలుసా? మాకు తెలుసు.

1948 తర్వాత హైదరాబాదు నుంచి కొన్ని కుటుంబాలు కరాచీ వెళ్ళాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేటే ఉంది. అక్క ఇక్కడ, చెల్లెలు అక్కడ. 1947లో గీత గీశారు. 1948లో పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా పెట్టారు. ఆ వీసా దేశానికి కాదు, ఊరికిస్తారు. ఏ ఊరు రాశారో ఆ ఊరు దాటకూడదు. వచ్చినట్టు ఒకసారి, పోతున్నట్టు ఒకసారి ఠాణాలో చెప్పుకోవాలి. కరాచీలో మన కాన్సులేట్ 1994 చివర్లో మూతపడింది. 2019 ఆగస్టులో సంఝౌతా రైలు ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యల తర్వాత ఇచ్చిన వీసాలు కూడా రద్దయ్యాయి, అటారీ గేటు పడిపోయింది. పహల్గాంలో మనుషుల్ని చంపినవాళ్ళని మేమూ శపించాం. కాని అక్క మయ్యత్‌కి రాలేని చెల్లెలు ఎవర్ని చంపింది?

ఇదీ అసలు వీసా. మీరేమో రోజుకి నాలుగుసార్లు ఇస్తున్నారు!

మాలో ఎక్కువమందికి అక్కడ అక్కా లేదు, చెల్లెలూ లేదు. గుంటూరు, కడప, ఖమ్మం పల్లెల్లో బతికేవాళ్ళం. దూదేకులం, ఫకీర్లం, కసాయి పనివాళ్ళం, సైకిలు షాపువాళ్ళం. మా తాతలు నవాబులు కారు. కరాచీ ఏ దిక్కున ఉందో మా నానీమాకి తెలీదు. ఆమెకి తెలిసిన దూరదేశం ఒక్కటే, మక్కా. అదీ నమాజు చేసేటప్పుడు ముఖం తిప్పే దిక్కుగానే తెలుసు.

అయినా పాస్‌పోర్టుకి పెట్టుకుంటే విచారణకి వచ్చిన కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని మొదట అడిగేది, 'ఏం సాయిబూ, పాకిస్తాన్‌లో చుట్టాలెవరన్నా ఉన్నారా?' అని. పక్కింటి రెడ్డిగారబ్బాయి విచారణకి వచ్చినప్పుడు ఆ ప్రశ్న లేదు. 'బాబు ఏ యూనివర్సిటీకి వెళ్తున్నాడండీ' అని అడిగాడు. చాయ్ ఖర్చులు ఇద్దరి దగ్గరా తీసుకున్నాడు. ఆ ఒక్క విషయంలోనే మాకు సమానత్వం దక్కింది.

కేసు లేదని తేల్చడానికి పోలీసు విచారణ అందరికీ ఉంటుంది. ఉండనివ్వండి. విదేశాలకు వెళ్ళడం పౌరుడి వ్యక్తిస్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. అంటే పాస్‌పోర్టు దయ కాదు, హక్కు. మా వాకిట్లోకి వచ్చేసరికి ఆ హక్కు 'సాయిబూ' ఎలా అయింది?

ఇక ఫారం. అందులో ఇంటిపేరు గడి ఒకటి, పేరు గడి ఒకటి. మాలో కొందరికి షేక్ ఇంటిపేరు, కొందరికి అది పేరులోనే ముక్క. బడిలో పంతులుగారు ఒక విధంగా రాశారు, రేషన్ కార్డులో గుమాస్తా ఇంకో విధంగా రాశాడు. ఇంగ్లీషులో షేక్‌కి ఎన్ని స్పెల్లింగులో అన్ని అవతారాలు. బడిలో హుస్సేన్ బీ, ఓటరు జాబితాలో హుస్సేనమ్మ, నిఖానామాలో హుస్సేనీ బేగం. ముగ్గురూ ఒక్క మనిషే అని చెప్పడానికి నోటరీ దగ్గర అఫిడవిట్. అక్షరం తప్పు రాసినవాడు ఎవడో, డబ్బులు కట్టేది మేము.

అన్నీ అయ్యాక దొరికేది ఏ వీసా? కడప, రాయచోటి నుంచి కువైట్‌కి. నిజామాబాద్, జగిత్యాల నుంచి దుబాయికి. మా పక్కన మాల మాదిగలు, పద్మశాలీలు, గౌడలు కూడా అదే వరసలో నిలబడతారు. పొలం, పుస్తెలు తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో పోస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్. పదో తరగతి పాస్ కాకపోతే 1983 వలసల చట్టం కింద గల్ఫ్ వంటి దేశాలకు వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాలి. మా పిల్లలు బడి మధ్యలోనే ఎందుకు మానేస్తున్నారో 2006లో సచార్ కమిటీ లెక్కలతో సహా చెప్పింది. చదివించలేదు, ఆ చదువు లేదని ముద్ర మాత్రం పాస్‌పోర్టు మీద వేశారు. అదే పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలన్నారు. రక్షణ కోసమట. ఇరవై ఐదేళ్ళకే మొగుడు వదిలేసిన ఖాలా ఏం తింటుంది? విజిట్ వీసా మీద దొంగదారిన వెళ్తుంది. అక్కడ కొడితే చెప్పుకునే దిక్కుండదు.

అరబ్బులు ముస్లింలే కదా, మిమ్మల్ని కడుపులో పెట్టుకుంటారు అనుకుంటున్నారా? కఫీల్ మా కలిమా వినడు. పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టుకుంటాడు. అతను మమ్మల్ని పిలిచే పేరు 'హిందీ'. అరబ్బీలో హిందీ అంటే భారతీయుడని అర్థం. చూశారా! మమ్మల్ని తొక్కేవాడికి కూడా మేం ఎవరమో తెలుసు. కువైట్‌లో హిందీలం, కడపలో పాకిస్తానీలం.

అమెరికా సంగతి చెప్తాం. హైదరాబాదులో వాళ్ళ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచారు, 2023లో నానక్‌రాంగూడకి మార్చారు. అక్కడ సందర్శకుల వీసా అడిగే ప్రతివాడినీ వాళ్ళ చట్టం 214(బి) కింద అనుమానిస్తుంది. ఇతను అక్కడే ఉండిపోతాడేమో అని. తిరిగి వస్తానని రుజువు చేసుకోవాల్సింది దరఖాస్తుదారుడే. ఆ కిటికీ దగ్గర మేమూ, రెడ్డిగారూ ఒకే అనుమానం కింద నిలబడతాం.

వాళ్ళని మేం పొగడటం లేదు. 2001 తర్వాత మా పేర్లకి ఆ దేశంలో ఏం జరిగిందో తెలుసు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంనే 2011లో న్యూయార్క్ విమానాశ్రయంలో తడిమి చూశారు. దేశమంతా మండిపడింది, మంచిదే. కాని అదే తడుముడు మా బజార్లో, మా బస్టాండులో రోజూ జరుగుతుంటే ఆ మంట ఎక్కడికి పోతుంది? మీకు నచ్చిన ముస్లింకైతేనే అవమానం జరుగుతుందా?

మేం చెప్పేదల్లా ఆ కిటికీ దగ్గర పెట్టే కాగితాల గురించి. పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రశీదు, ఉద్యోగం కాగితం. నా ఇల్లు ఇక్కడుంది, నా పిల్లలు ఇక్కడున్నారు, నేను తిరిగి వస్తాను అని చెప్పే కాగితాలు. వాటిని చూసి ఎక్కడివాడో తెలియని తెల్ల ఆఫీసరు నమ్ముతున్నాడు, ముద్ర వేస్తున్నాడు. నాలుగు తరాలుగా ఒకే బావి నీళ్ళు తాగిన మీరు నమ్మరు. వెళ్ళేవాణ్ణి తిరిగి వస్తావా అని ఏ దేశమైనా అడుగుతుంది. ఉన్నవాణ్ణి ఎప్పుడు పోతావని అడిగేది మీరొక్కరే.

2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం సవరించారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళ పేర్లు రాసి మా పేరు వదిలేశారు. అదే ఏడాది ఆగస్టులో అస్సాం జాబితాలో 19 లక్షలమందికి చోటు లేకపోయింది. అందులో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. సవరణ తలుపు తెరిచింది ఎవరికో, మూసింది ఎవరికో వేరే చెప్పాలా? అప్పట్నించీ మా ఇళ్ళల్లో పాత కాగితాల ట్రంకుపెట్టెలు మంచం కింద నుంచి మంచం మీదకి వచ్చాయి. విదేశం పోవడానికి వాడే కాగితాలు ఇప్పుడు ఇంట్లో ఉండటానికి కావాలి.

జనజీవన స్రవంతిలో కలవమని మాకు బోధించే లౌకిక మిత్రులారా! ఇది మీకూ చెప్తున్నాం. నోటి వీసా ఇచ్చేవాడి పక్కన నవ్వుతూ నిలబడకండి. పాస్‌పోర్టు విచారణలో అందరినీ ఒకే ప్రశ్న అడగాలని మాతో కలిసి అడగండి. మా పేరుని ఫారం గడికి కుదించడం కాదు, ఫారమే మా పేరుకి సరిపోవాలని అడగండి. మా ఆడవాళ్ళకి వయసు కంచె కాదు, అక్కడ రక్షణ కావాలని అడగండి.

ప్రతి వీసా ఫారంలో శాశ్వత చిరునామా అని ఒక గడి ఉంటుంది. దుబాయి ఫారమైనా, లండన్ ఫారమైనా మేం అందులో మా ఊరు రాస్తాం, మండలం రాస్తాం, జిల్లా రాస్తాం. కింద ఇండియా అని రాస్తాం. ఆ గడి నింపేటప్పుడు మా చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. మీ నోటి వీసా మీ దగ్గరే ఉంచుకోండి. దానికి మేం దరఖాస్తు పెట్టలేదు.