మొర వినవలసిన సభ

2025 ఆగస్టు 10వ తేదీ ఆదివారమునాడు ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డిగారు ముందుగా తెలుపకయే అమీర్‌పేటకు వచ్చి, బుద్ధనగర్, గంగూబాయి బస్తీ, మైత్రీవనము మొదలగు వాననీటి బాధిత ప్రదేశములను స్వయముగా చూచిరి. అచ్చట ఒక బడిబాలుడు వారి వెంట నడచి, వాన కురిసినపుడు నీరు తమ ఇండ్లలోనికి వచ్చు తీరును నిర్భయముగా వివరించెను. పాలకుడు ప్రజల గడపకు వచ్చుట మెచ్చదగిన పనియే. ఆ బాలుని ధైర్యమునకు మేమును సంతసించితిమి. కాని ఆ సంతోషము వెంటనే ఒక ప్రశ్న మా మనస్సును కలచినది. ఒక బస్తీ మురుగుకాలువ మాట రాష్ట్ర ముఖ్యమంత్రి చెవిదాక పోవలసివచ్చినదనిన, నడుమనున్న మెట్లలో ఏదో ఒకటి విరిగియున్నదనుట కాదా? ఆ మెట్టు పేరే నగరసభ.

మైత్రీవనము కూడలి పల్లము. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు మెట్ట నేలలమీద కురిసిన వాన అచ్చటికే దిగివచ్చును. కాలువలో పూడిక పేరుకొని, దారి ఇరుకైనపుడు ఆ నీరు వీధిని ఏరుగా మార్చి, లోతట్టు బస్తీల ఇండ్లలో చొచ్చును. కష్టము పడువాడు ఒకచోట, కష్టమునకు మూలము వేరొకచోట. బుద్ధనగర్ వాసి తన వాకిటి కాలువను ఎంత శుభ్రముగా నుంచుకొన్నను, ఎగువనుండి వచ్చు నీటిని ఆపజాలడు. ఎగువవారిని, దిగువవారిని ఒకే కప్పుక్రింద కూర్చుండబెట్టి న్యాయము తేల్చు స్థలము నగరసభ ఒక్కటియే. అందుచేతనే ఈ విషయమును వీధిగొడవ యని మేము తీసివేయజాలము.

ఇక పంజాగుట్ట సంగతి వినుడు. నగరమున దీని పేరెరుగనివారు లేరు. నిమ్సు ఆసుపత్రికి వచ్చు రోగులు, కొలువులకై చదువుకొన అమీర్‌పేట వసతిగృహములకు చేరు పల్లెటూరి యువకులు, వేలాది బాటసారులు నిత్యమును ఈ కూడలిని దాటుచుందురు. అయినను 2020 ఎన్నికలనాటి 150 వార్డులలో అమీర్‌పేట పేర ఒకటి, సోమాజిగూడ పేర ఒకటి యుండెనుగాని పంజాగుట్ట పేర వార్డే లేకుండెను. హద్దులు ఎట్లు మారినను, నాలుగు దిక్కులవారికి చెందిన కూడలి ఏ ఒక్కరి బాధ్యతయు కాకపోవుట మనము చూచుచున్నదే. రోడ్డు నగరపాలక సంస్థది, నీరు, మురుగు జలమండలివి, తీగలు విద్యుత్సంస్థవి, బండ్ల రాకపోకలు పోలీసువారివి, తలమీది వంతెన మెట్రోవారిది. పౌరుడు ఒక గడపనుండి మరియొక గడపకు తిరిగి తిరిగి, తుదకు విసిగి ఇల్లు చేరును.

ఇది కేవలము కాళ్లనొప్పితో తీరు బాధ కాదు. 2019 సెప్టెంబరు 22న వానకు తలదాచుకొనుటకై అమీర్‌పేట మెట్రో స్టేషను క్రింద నిలిచిన ఒక యువతిపై పెచ్చు ఊడిపడి ఆమె ప్రాణము పోయెను. 2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో కట్టుచున్న పైవంతెన కూలినపుడును ప్రాణనష్టము జరిగెను. తప్పెవరిదో నిర్ణయించుట న్యాయస్థానముల పని, మాది కాదు. మేమనునది ఒక్కటే: బీట కనబడినప్పుడు, పెచ్చు రాలినప్పుడు, చూచినవాడు ఎవరితో చెప్పవలెనో, చెప్పినమాట ఎన్నిదినములలో ఎచ్చటికి చేరునో ప్రతి పౌరునికి తెలిసియుండవలెను. అది తెలియని నగరము ఎంత పెద్దదైనను సురక్షితము కాదు.

శాసనము ఈ విషయమున మూగది కాదు. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పట్టణసభల ఆయువు ఐదేండ్లనియు, ఆ గడువు తీరకముందే ఎన్నికలు ముగియవలెననియు ఆజ్ఞాపించినది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పట్టణములలో వార్డు కమిటీలుండవలెనని కూడ విధించినది. మన ఆచరణ ఎట్లున్నది? 1986లో ఎన్నికైన సభ గడువు తీరినపిదప మరల 2002లోగాని నగరమునకు ఎన్నికలు జరుగలేదు. 2014 డిసెంబరులో గడువు తీరిన సభకు 2016 ఫిబ్రవరిలోగాని వారసులు రాలేదు. 2021 ఫిబ్రవరిలో కొలువుదీరిన సభకును ఐదేండ్లే ఆయువు. సభలేని కాలమున అధికారులు పనిచేయలేదని మేమనము. కాని అధికారి తనను నియమించినవారికి జవాబుదారి. సభ్యుడు తనను ఎన్నుకొన్నవారికి జవాబుదారి. ఈ రెంటికి గల భేదమే స్వపరిపాలనమునకు ప్రాణము.

పంజాగుట్టకు చేరువనే ప్రజాభవనము కలదు. 2023 డిసెంబరు 7న దాని ముందరి ఇనుపకంచెలు తొలగింపబడెను. మరునాడే ప్రజల అర్జీలు స్వీకరింపబడెను. అదియే పిదప ప్రజావాణియైనది. 2023 జూనులో నగరమున వార్డు కార్యాలయములును వెలసెను. ఇవన్నియు మంచివే. అయితే మనవి వేరు, హక్కు వేరు. అర్జీని వినుట దయ. సభలో ప్రశ్నకు బదులిచ్చుట విధి. దయ నేడుండవచ్చును, రేపు లేకపోవచ్చును. విధికి అట్టి వెసులుబాటు లేదు.

పన్ను చెల్లించువాని సమ్మతి లేని పురపాలనమునకు విలువ లేదని చీరాల, పేరాల ప్రజలు 1921లోనే లోకమునకు చాటిరి. పురపాలక సంఘమును, దాని పన్నుల భారమును తమ తలపై మోపినందుకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వారు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి ఎండవానలకోర్చి నివసించిరి. వారు ఊరు విడిచి తమ మాట వినిపింపవలసివచ్చినది. నేడు మనము ఇంటినుండి వార్డు కార్యాలయమునకు నడచిన చాలును. అంత సులువైన పనిని మనమెందరము చేయుచున్నాము?

ఈ ప్రశ్న మనకును తగులుచున్నది. 2020 డిసెంబరులో జరిగిన నగర ఎన్నికలలో నూటికి 46 మందికి కొంచెము పైగా మాత్రమే ఓటు వేసిరి. సగముమంది కన్న ఎక్కువ ఇంటనుండి, ఆపై సభ వినలేదని నిందించుట న్యాయమా? నాలాలో చెత్త వేయుచేయి మనదే. వాన రాగానే నాలా పొంగెనని అరచు నోరును మనదే. అపార్టుమెంటు సంఘములు తమ గేటు ముందరి గుంతను గురించి ఉత్తరములు వ్రాయుచున్నవి. ప్రక్క బస్తీలో మునిగిన గుడిసెను గురించి వ్రాయుట అరుదు. అద్దెకున్నవాడు, వసతిగృహములోని విద్యార్థి, కాలిబాటమీద ఇడ్లీ అమ్ముకొను తల్లి, వీరును నగరవాసులే. వీధి వ్యాపారుల కమిటీలో నూటికి 40 మందికి తక్కువ గాకుండ ఆ వ్యాపారులే యుండవలెనని 2014 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టమునకున్న ఈపాటి విశాలత మన సంఘములకును ఉండవలదా?

కావున మేము కోరునవి కొన్ని. సభ గడువు తీరకముందే ఎన్నికలు జరుగవలెను. ఒకవేళ గడువు తీరినచో ఒక్క దినమైనను వృథాగా జాప్యము కూడదు. ప్రతి వార్డులో కమిటీ కూడు తేదీ, స్థలము ముందుగా ప్రకటింపబడవలెను. వచ్చిన ప్రతి ఫిర్యాదునకు సంఖ్యవేసి, తీర్చినది, తీర్చనిది, తీర్చకపోవుటకు కారణము గోడమీద పట్టికగా వ్రాయవలెను. పని ఏ శాఖదైనను బదులు చెప్పువాడు వార్డుకొక్కడై యుండవలెను. శాఖలనడుమ తిరుగు పని వానిది, పౌరునిది కాదు. నాలాల పూడిక తొలకరికి ముందే తీసి, ఎంత తీసినది ఆ వీధివారిచేతనే చూపించి సంతకము గైకొనవలెను. వీనిలో ఒక్కటియు అసాధ్యము కాదు. వీనిలో పెక్కింటికి కాగితము, కలము, చిత్తశుద్ధి చాలును.

చదువరులారా! 2011 జనాభా లెక్కలనాడు 67 లక్షలు దాటిన ఈ మహానగరమున 2020 ఎన్నికలనాటి 150 వార్డుల లెక్కన ఒక్కొక్క సభ్యునిపై సగటున 45 వేలమంది భారముండెను. అంతమంది గొంతు ఒక్కని చెవిని తనంత తాను చేరదు. నలుగురు కలిసి, వ్రాసి, నిలిచి అడిగిననే చేరును. ఆ బాలుడు వంకరలేకుండ తాను చూచినది చెప్పెను. వినువాడు దొరికెను, వినబడెను. ఆనాడు వినువాడు తానై వచ్చెను. ప్రతి వానకును అట్లు వచ్చునని నమ్మి కూర్చుండరాదు. వచ్చు తొలకరినాటికి ఆ బాలుని ఇంటిలో నీటికి బదులు చదువు నిలుచునట్లు చూచుట సభవారి ధర్మము; చూచునట్లు చేయుట మన ధర్మము.