వాకిట్లో పాత కారు

కొత్త కారు కొనేటప్పుడు సలహాలు చెప్పడానికి పదిమంది వస్తారు గాని, పాతదాన్ని ఎల్లా వదుల్చుకోవాలో చెప్పే మనిషి ఒక్కడూ కనబడడని ఒక పాఠకురాలు రాసేరు. వారి మాటకి ఒక చిన్న సవరణ. చెప్పేవాళ్ళు లేకపోవడం కాదు. అందరూ ఒకే సలహా చెబుతారు. కనీసం మా కడియంలో అంతే. పనికిరాని వస్తువంటూ మాకు లేదు. బీటలు వారిన తొట్టి కానివ్వండి, చిల్లుపడ్డ గంగాళం కానివ్వండి, పిండి రుబ్బడం మానేసిన రోలు కానివ్వండి, అందులో ఇంత ఎర్రమట్టీ ఇంత పశువుల ఎరువూ పోసి ఒక మొక్క పెట్టేస్తాం. మర్నాడు దానికి ధర కూడా చెబుతాం! అంచేత పాత కారు సంగతి ఎత్తితే చాలు, "మూత పీకేసి కాగితంపూల చెట్టు పెట్టించండి. రోడ్డున పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీయించుకుంటారు" అంటారు.

చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కాని కారు రోలులాంటిది కాదు. రోలుకి రిజిస్ట్రేషను లేదు. కారుకి ఇనుముతో చేసిన ఒళ్ళు ఒకటి, కాగితంమీద పేరు ఒకటి ఉంటాయి. ఇనుమును మట్టితో కప్పెయ్యవచ్చు. కాగితంమీద అది ఇంకా నడుస్తూనే ఉన్నట్టు లెక్క. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 55వ సెక్షను ఉన్నది. బండి నాశనమయినా, ఇక ఎప్పటికీ పనికిరానంతగా పాడయినా, యజమాని 14 రోజులలో, లేదా వీలయినంత త్వరలో, ఆ సంగతి రిజిస్టరు చేసే అధికారికి తెలియపరచి, ఆర్‌.సి. పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పుడుగాని ఆ నంబరు కొట్టివెయ్యరు. మనిషి పోతే పంచాయితీ ఆఫీసులో రాయిస్తాం. బండి పోతే రాయించాలని మనకి తోచదు.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన పాండిత్యం కాదు. కడియపులంకలో ఉన్న మా అక్కయ్య మూలాన వచ్చింది.

బావగారు 1994లో అంబాసిడరు కొన్నారు. డీజిలు బండి. పేరుకి కారు గాని, దాన్ని వాడినది ఎడ్లబండిలాగే. వెనక సీటు ఊడదీసి అంట్లు కట్టిన మామిడి మొక్కలు పేర్చుకుని రాజమండ్రి స్టేషనుకి పోయేవారు. పెళ్ళిళ్ళ రోజులలో ఆ సీటే మళ్ళీ బిగించి, తొమ్మిదిమందిని ఎక్కించుకుని అన్నవరం వెళ్ళేవారు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చిన మర్నాడు, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడి ఉంటే, ఇద్దరు పాలేళ్ళు గొడ్డళ్ళతో ముందు నడవగా, జ్వరంతో ఒళ్ళు తెలియని మా మేనల్లుణ్ణి రాజమండ్రి ఆసుపత్రికి చేర్చింది ఆ బండే. వాడికప్పుడు మూడేళ్ళు. ఇప్పుడు ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో ఉద్యోగం. "అమ్మా, ఆ డొక్కు ఇంకా ఎందుకే?" అని ఫోనులో రోజూ పోరేది కూడా వాడే.

బావగారు 2021లో పోయేరు. బండి పాకలోనే ఉండిపోయింది. 2024తో దాని రిజిస్ట్రేషను గడువూ తీరింది. అక్కయ్య పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే దానివంక చూడ్డం మానేసింది. చూడవలసివచ్చినది ఎందుకంటే, కిందటి వర్షాకాలంలో ఇంజనునించి నూనె కారి, వాననీటితో పాటు పక్క మడిలోకి దిగింది. గులాబీ అంట్లు రెండు వరసలు మాడిపోయేయి. నర్సరీ పెట్టుకు బతికేవాళ్ళకి మట్టి పాడవడమంటే ఏమిటో నేను చెప్పాలా? ఆ రోజున నాకు కబురు చేసింది.

నేను వెళ్ళేసరికి బేరగాళ్ళు తయారుగా ఉన్నారు. ఇటువంటి కబుర్లు ఊళ్ళో ఎల్లా పాకుతాయో ఆ దేవుడికే తెలియాలి. మొదటివాడు పాత ఇనుము కొనే ఆసామి. కారుచుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కాలితో టైరుని తన్ని, ఇరవై ఎనిమిది వేలన్నాడు. అంబాసిడరు బరువు టన్ను పైచిలుకు. తూకం లెక్కన చూస్తే అతను చెప్పినది మరీ అన్యాయపు ధర కాదు. (ఇక్కడ ఒక మాట. పశ్చిమ బెంగాలులో ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో మూతపడి అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. తరవాత 2017లో, ఆ పేరు ఒక్కటీ 80 కోట్ల రూపాయలకి ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీ కొనుక్కుంది. ఒట్టి పేరుకి 80 కోట్లు. పేరూ బండీ కలిపి అక్కయ్యకి ఇరవై ఎనిమిది వేలు!)

"మరి ఆర్‌.సి. రద్దు చేయించడం?" అన్నాను.

"అది మాకెందుకండీ? రేపు మధ్యాహ్నానికి ముక్కలు చేసేస్తాం. ఇక అడిగేదెవరు?" అన్నాడు.

రెండోవాడు బ్రోకరు. నలగని చొక్కా, చేతిలో తోలుసంచీ. ఇతను చెప్పినది నలభై అయిదు వేలు. నాకు అనుమానం వేసింది. చచ్చిన బండికి పదిహేడు వేలు ఎక్కువ ఇచ్చేవాడు దేన్ని కొంటున్నట్టు?

"ఆయ్, కాయితాలు సరిగ్గా ఉన్న బండికి ఆ మాత్రం ఇవ్వొద్దాండీ? అమ్మగారు పాత ఫారాలమీద అయ్యగారి సంతకంలాటిది పెట్టిస్తే చాలు. తేదీ నేను వేసుకుంటాను" అన్నాడు.

అంటే పోయిన మనిషిచేత సంతకం! అక్కయ్య మొహం చూసేను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పాఠకులు ఇక్కడ కొంచెం నిదానించాలి. ఎక్కువ ధర ఎక్కడ పలుకుతుందో గొయ్యి కూడా అక్కడే ఉంటుంది. ఆ నంబరూ ఆ ఆర్‌.సి.యూ మరొక బండికి తగిలించి తిప్పవచ్చు. అంత దుర్మార్గం లేకపోయినా, పేరు మారకుండా బండి చేతులు మారితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో తేల్చి చెప్పింది. ఒకాయన 2007లో కారు అమ్మేసేడు. ఆ కారు ఒకరినించి ఒకరికి పోయింది. రిజిస్టరులో పేరు మాత్రం మారలేదు. 2009లో దాని కింద పడి ఒక పిల్లవాడు చనిపోయేడు. నష్టపరిహారం ఎవరు ఇవ్వాలి? రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, వారిదే బాధ్యత అన్నారు. అమ్మినట్టు కాగితం రాసుకున్నాం, సొమ్ము ముట్టింది, అంటే చాలదన్నమాట. అందుకే నడిచే బండి అమ్మేవారు 29, 30 నంబర్ల ఫారాలు నింపడంతో ఊరుకోకూడదు. అమ్మినవారు 14 రోజులలో రవాణా ఆఫీసుకి తెలియపరచాలి. ఆపైన పేరు మారిందో లేదో తామే చూసుకోవాలి. ఖాళీ ఫారంమీద సంతకం పెట్టడం ఖాళీ చెక్కుమీద పెట్టడంకన్న ప్రమాదం. చెక్కుకైతే బ్యాంకులో ఉన్నంతే పోతుంది.

పోయినవారి పేరుమీద ఉన్న బండికి మరో పద్ధతి ఉన్నది. యజమాని మరణించిన 30 రోజులలో వారసులు ఆ సంగతి తెలియజేసి, మూడు నెలలలో 31వ ఫారంమీద పేరు మార్చుకోవాలి. ఆ దుఃఖంలో బండి సంగతి ఎవరికి గుర్తుంటుంది? కాని గుర్తు చేసేవారు ఇంట్లో ఒకరుంటే మంచిది.

ఇంతలో మేనల్లుడు ఫోను. "మావయ్యా, పదేళ్ళు దాటిన డీజిలు బండి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. మీరయినా అమ్మకి చెప్పండి."

వాడి మాట వాడున్న చోటికి పుట్టినది. పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళూ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళూ నడపకూడదని సుప్రీంకోర్టు 2018లో చెప్పినది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి, అక్కడి గాలిని చూసి. మనకి ఆ నియమం లేదు. సొంత కారుకి మొదట పదిహేనేళ్ళు, ఆపైన పరీక్షలో నెగ్గితే అయిదేసి ఏళ్ళు. కాకపోతే ఆ రుసుము చూస్తే గుండె బేజారవుతుంది. పదిహేనేళ్ళు దాటిన కారుకి 600 ఉండేది 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఇది కాక పచ్చపన్ను. ఇన్ని కట్టి, నాలుగు టైర్లూ బ్యాటరీ కొత్తవి వేసి, అక్కయ్య ఎక్కడికి వెళ్ళాలి?

మరొక పెద్దమనిషి "వింటేజి కారు చేయించండి" అన్నాడు. మాట బాగుంది. 2021 జూలై నాటి నియమాల ప్రకారం, మొదట ఎల్లా తయారయిందో అల్లాగే ఉన్న బండికి యాభై ఏళ్ళు నిండాలి. రిజిస్టరు చేయించడానికి 20,000 రూపాయలు. అంతా అయినా రోజువారీ తిరగడానికి వీలులేదు. ప్రదర్శనలకీ పోటీలకీ మాత్రమే. మన అంబాసిడరుకి 2044లో యాభై ఏళ్ళు నిండుతాయి. అప్పటికి అక్కయ్యకి ఎనభై. ఇద్దరిలో ఎవరు ముందు ప్రదర్శనకి వెళ్ళగలరో!

విజయవాడ ఆటోనగర్‌కి తోలిస్తే ముక్కముక్కకీ ధర వస్తుందన్నారు ఇంకొకరు. అంబాసిడరు విడిభాగాలకి అక్కడ గిరాకీ ఉండవచ్చు. కాని గడువు తీరిన బండి తోలించడం కుదరదు, లారీమీద ఎక్కించాలి. పైగా కాగితం గొడవ ఎక్కడిదక్కడే. సాంకేతిక విద్య నేర్పే బడికి ఇస్తే పిల్లలు ఇంజను విప్పి నేర్చుకుంటారు. ఇది నాకు నచ్చిన మార్గం. నేను అడిగిన చోట ఇప్పటికే రెండు అంబాసిడర్లున్నాయట!

చివరికి మిగిలినది ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రం. దీనికి నియమాలు 2021 సెప్టెంబరులో వచ్చేయి. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరయినా, ఏ రాష్ట్రంలోని కేంద్రానికయినా ఇవ్వవచ్చు. వాళ్ళు ముందు అది దొంగబండి కాదని పోలీసుల జాబితాలో చూసుకుంటారు. చలానా బాకీలూ, అప్పు తాకట్టులూ ఉంటే అవి తీరాలి. బ్యాటరీ, నూనెలు, ఎ.సి. ఉంటే దాని వాయువు విడివిడిగా తీసి, ఆ తరవాతే ఇనుము జోలికి పోతారు. ఛాసిస్‌ నంబరు ఉన్న ముక్కని కోసి ఆరు నెలలు దాచిపెడతారు. బండి అప్పగించగానే ఒక ధ్రువపత్రం, ముక్కలు చేసేక మరొకటి. ధర మాత్రం ఇనుము ఆసామి చెప్పినదాని కంటె కొంచెం తక్కువే వచ్చింది. అక్కయ్య అది విని చాలాసేపు మాట్లాడలేదు.

"ఒరే తమ్ముడూ, తక్కువిచ్చేవాడికి ఇవ్వమంటావా?" అంది.

"అక్కయ్యా, ఆ ఆసామి నూనెని మన కాలవలో పోస్తాడు. బ్యాటరీ పగలగొట్టి సీసం తీసుకుని, ఆసిడ్‌ ఎక్కడో ఒలకబోస్తాడు. రెండు వరసల గులాబీలకే నాకు కబురు చేసేవు కదా?" అన్నాను.

దానితో ఒప్పుకుంది. కాగితాలకి మూడు వారాలు పట్టింది. మరణ ధ్రువపత్రం, వారసత్వానికి ఆధారాలు, మేనల్లుడి సమ్మతి. వాడు రెండు రోజులు సెలవుపెట్టి వచ్చేడు. బండిని లారీమీదకి ఎక్కిస్తూంటే, అంతకాలం డొక్కు డొక్కు అని సణిగినవాడు, వెనక తలుపు తీసి కాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. అక్కయ్య అక్కడ లేదు. కూలీలచేత, నూనె ఇంకిన మట్టి జానెడు లోతున తవ్వించి, గోనెసంచులకి ఎత్తిస్తూంది.

ఇంకొక సంగతి రాయడం మరిచిపోయేను. ఆ మొదటి ధ్రువపత్రం ఊరికే దాచుకునే కాగితం కాదు. దాన్ని చూపించి కొత్త కారు కొంటే రిజిస్ట్రేషను రుసుము ఉండదు. రోడ్డు పన్నులో సొంత కార్లకి 25 శాతం దాకా తగ్గించవచ్చునని కేంద్రం నియమం. ఎంత తగ్గించాలన్నది రాష్ట్రం చేతిలో ఉన్నది. కనక కొనేచోట అడిగి తెలుసుకోవాలి. పైగా ఆ పత్రాన్ని మరొకరికి అమ్ముకోవచ్చు కూడా. ఈ సంగతి చెప్పినప్పటినించి అక్కయ్య ధోరణి మారిపోయింది. మేనల్లుడు కొత్త కారు కొనే ఆలోచనలో ఉన్నాడు. తల్లి పత్రం తనకే వస్తుందనుకున్నాడు.

"నీ కారు ధర ఎంత? అందులో పన్నెంత? దాంట్లో నీకు మిగిలేదెంత?" అని లెక్క కట్టించింది. "సగం నాకు పంపు. గులాబీ అంట్లు మళ్ళీ కట్టించాలి" అంది.

వాడు మూడో వంతు దగ్గర ఉన్నాడు. బేరం ఇంకా తెగలేదు.