అల్లుడింటికి వట్టి చేతులతో వెళ్తారా?

సంపాదకులకు,

స్నేహితుల ఇళ్లలో పండగలు చేసుకునే ముస్లింలు తమ మతాన్ని పలచన చేసుకుంటున్నారని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఒకసారి ఉగాదికి మా ఊరు రావాలి. దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ఆ రోజు బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని, కాబట్టి స్వామి తమకు అల్లుడని వాళ్ల నమ్మకం. అల్లుడింటికి పండగపూట వట్టి చేతులతో వెళ్తారా? నాంచారమ్మ కథలో చరిత్ర ఎంతో పండితులు తేల్చుకోనీండి.

పండగలే కాదు, సంగీతమూ అంతే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం వాయించారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. పేరు మార్చుకోలేదు.

హద్దు ఉండాలన్న ఆ పాఠకుడి మాట మాత్రం నాకూ సమ్మతమే. మిత్రుడి ఇంట వినాయక చవితికి పందిరి వేస్తాను, పత్రి తెస్తాను, ఉండ్రాళ్లు తింటాను. పూజలో కూర్చోను, వాడూ రమ్మనడు. రంజాన్‌లో వాడు మా ఇఫ్తారుకు వస్తాడు, నమాజుకు నిలబడడు. మా తమ్ముడు ప్రసాదం ముట్టడు. అందుకని మిత్రుడి అమ్మ నైవేద్యం పెట్టకముందే తమ్ముడి వాటా తీసి పక్కన పెడుతుంది. ఇందులో ఎవరి విశ్వాసానికి చిల్లు పడిందో నాకు తెలియడం లేదు.

నాకు చిరాకు వేరేవాళ్లతో. మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీసి, కింద 'మత సామరస్యం' అని రాసుకుంటారు. పందిరి గుంజ పట్టమంటే ఒక్కరూ కనపడరు.

— ఒక పాఠకుడు, కడప