‘మన గూడెంల సిగ్నల్ రాదు’ అనే మాట మానేద్దాం



దసరా సెలవులకు హాస్టళ్లు ఖాళీ అవుతున్నాయి. అందరం ఇళ్లకు పోయేముందు ఒక విషయం చెప్పాలని ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పొడుగు ఉంటది, ఓపికగా చదవండి. విషయం చూడటానికి చిన్నదే, ఇంటి దగ్గర పెట్టుకున్న టీవీ డిష్. కానీ మాకు అది ఒక సంవత్సరం చదువుతో సమానం.

మేము ముగ్గురం. ఉట్నూర్ ఏజెన్సీల ఒకే గూడెం, ఇప్పుడు డిగ్రీ హాస్టల్ల ఒకే రూం. మా మూడు ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లం మేమే మొదలు.

2020 మార్చిలో కరోనాతో ఆశ్రమ పాఠశాల మూసేసినప్పుడు మేము తొమ్మిదో తరగతి. జూన్ల బడి తెరవలేదు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వస్తాయని చెప్పారు. అప్పటికి మేము పదో తరగతికి వచ్చినం. మా గూడెంల ఫోన్‌కు టవర్ అందదు కాబట్టి ఆన్‌లైన్ క్లాసు అనే ముచ్చటే లేదు. టీవీలు ఉన్నవి రెండు. ఒకటి అప్పటికే పాడైంది. ఇంకొకటి పెద్దబాపు ఇంట్లో, ఫ్రీ డిష్‌తో. ఆ రోజు పొద్దున్నే నోటుపుస్తకాలు పట్టుకుని పోయి కింద కూర్చున్నాం. తెర మీద ‘నో సిగ్నల్’ అని వచ్చింది. మరుసటి రోజు కూడా అదే. వారం దాకా అదే.

“ఎండాకాలం మంచిగనే వచ్చింది కదా పెద్దబాపూ” అని అడిగితే, “వానాకాలం మనకు రాదు బిడ్డా, మబ్బు ఒక అడ్డం, గుట్ట ఒక అడ్డం” అన్నడు. మండలం నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే బండి ఖర్చుతో కలిపి 500 తీసుకున్నడు. డిష్‌ను అటూ ఇటూ తిప్పి, “మీ దగ్గర సిగ్నల్ లేదు” అని చెప్పి పోయిండు. మేము కూడా నమ్మినం. రోడ్డు రాదు, బస్సు రాదు, టవర్ రాదు, ఇది కూడా రాదేమో అనుకున్నాం.

2021లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేసినప్పుడు గూడెమంతా సంతోషపడ్డది. ఇంటర్‌ల ఎంపీసీ తీసుకుని క్లాసుల కూర్చున్నాక తెలిసింది, త్రికోణమితి అనే పాఠం మేము చూడనే లేదని. సార్ బోర్డు మీద సైన్, కాస్, ట్యాన్ రాస్తుంటే పక్కనోళ్లు గబగబా రాసుకునేవాళ్లు. మేము ముఖాలు చూసుకునేవాళ్లం. ఆ వెనుకబాటు పూడ్చుకోవడానికి రెండేళ్లు పట్టింది.

డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ క్లాసులో ఉపగ్రహాల పాఠం విన్నాం. ఆ రాత్రి హాస్టల్ల కూర్చుని మా గూడెం నుంచి ఫ్రీ డిష్ ఉపగ్రహం ఆకాశంల ఎక్కడ కనిపించాలో లెక్క చేసినం, అదే త్రికోణమితితో. సెలవులకు పోయినప్పుడు డిష్ వెనుక నిలబడి అటు చూస్తే కనిపించింది గుట్ట కాదు, మబ్బు కాదు. ఇంటిని ఆనుకుని ఉన్న టేకు చెట్టు. ఎండాకాలం టేకుకు ఆకు రాలిపోతది, అందుకే సిగ్నల్ వచ్చేది. వానలు పడంగనే చాటలంత ఆకులు కమ్ముకుంటాయి, సిగ్నల్ పోయేది. చెట్టు జోలికి పోలేదు, టేకు మీద చెయ్యి వేస్తే అది వేరే గొడవ. డిష్ పైపును పీకి పది అడుగులు పక్కకు జరిపి పాతినం. గంట సేపు తిప్పలు పడ్డాక బొమ్మ వచ్చింది. పెద్దబాపు నవ్విండు, పిల్లలు చప్పట్లు కొట్టారు. మేము ముగ్గురం మాత్రం మాట్లాడలేదు. పది అడుగులే కదా, ఆ సంవత్సరం ఎవరికైనా తెలిసి ఉంటే అనుకున్నాం.

అందుకే ఇది రాస్తున్నాం. మేము చెప్పేది ఒక్కటే: ఫోన్ సిగ్నల్ వేరు, డిష్ సిగ్నల్ వేరు. రెండింటినీ కలిపి ‘మన గూడెంల సిగ్నల్ రాదు’ అనడం మానాలి.

ఫోన్ సిగ్నల్ నేల మీద ఉన్న టవర్ నుంచి వస్తది. గుట్ట అడ్డం వస్తే ఆగుతది, దూరం పెరిగితే తగ్గుతది. మన దగ్గర టవర్ కట్టలేదు కాబట్టి రాదు. అది మన తప్పు కాదు, కట్టాల్సినోళ్లు కట్టాలి. డిష్ సిగ్నల్ అట్ల కాదు. డీడీ ఫ్రీ డిష్ జీశాట్-15 అనే మన దేశం ఉపగ్రహం నుంచి వస్తది. 2015 నవంబర్‌లో పంపింది. భూమధ్యరేఖ మీద దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, మనకు ఎప్పుడూ కదలనట్టే ఉంటది. అంత ఎత్తు నుంచి చూస్తే హైదరాబాద్ ఎంత దూరమో మన గూడెం కూడా దాదాపు అంతే దూరం. పట్నంలో బంగ్లా మీద ఎంత సిగ్నల్ పడతదో మన గుడిసె మీద కూడా అంతే పడతది. అక్కడ పెద్దోళ్లు, పేదోళ్లు అనే తేడా లేదు. పడుతున్నదాన్ని పట్టుకోలేకపోతున్నామంటే లోపం మన వాకిట్లోనే ఉంది, మనమే సరిచేసుకోవచ్చు.

గుట్ట సంగతి కూడా చెప్పాలి. మన ఆదిలాబాద్ వైపు నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయం వైపు, అంటే తూర్పుకు దక్షిణానికి నడుమ, నేల నుంచి 60 డిగ్రీలకు కొంచెం పైన ఉంటది. ఎదురుగా చూసే చూపు కంటే నెత్తి మీది చూపుకే దగ్గర. గుట్ట అడ్డం రావాలంటే గోడ లెక్క మన మీదికి నిలబడాలి. ఏ గూడెంల అట్ల లేదు. అడ్డం వచ్చేది దగ్గరి చెట్టే. లెక్క సులువు: డిష్ కంటే చెట్టు ఎంత ఎత్తుందో అందులో సగానికి కొంచెం ఎక్కువ దూరం జరిగితే చాలు. 30 అడుగులు ఎత్తుంటే 17 అడుగులు జరగాలి. ఇంకో మాట, ఫ్రీ డిష్ పళ్లెం ముఖం ఎదురుగా చూస్తున్నట్టే అనిపిస్తది కానీ అది పట్టేది ఇంకా పైనుంచి. అందుకే ‘ముందు ఏం అడ్డం లేదు కదా’ అని మోసపోతాం. తల ఎత్తి చూడాలి.

ఇప్పుడు ఇంటికి పోయినాక ఏం చూడాలో వరుసగా చెప్తాం. మెకానిక్‌కు ఫోన్ చేసేముందు ఇవి చూడండి.

మొదట, జోరు వాన పడుతుంటే ఆగండి. ఈ సిగ్నల్‌ను గట్టి వాన కొంత మింగేస్తది. వాన తగ్గితే అదే వస్తది. ఆ టైంలో డిష్‌ను తిప్పితే ఉన్నది కూడా పోతది. ఉరుములు, పిడుగులు ఉంటే ప్లగ్ పీకేయండి, డిష్ దగ్గరికి పోవద్దు.

రెండు, రిమోట్‌లో మెనూ నొక్కండి. బాక్స్ మెనూ తెర మీద కనిపించకపోతే తప్పు డిష్‌ది కాదు. టీవీ వేరే ఏవీ లేదా హెచ్‌డీఎంఐ మీద ఉందేమో, పిన్నులు ఊడినాయేమో, బాక్స్‌కు కరెంటు వస్తుందో లేదో చూడండి.

మూడు, మెనూలో సిగ్నల్ స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలు ఉంటాయి. రెండూ సున్నా అయితే ఎక్కువగా వైర్ లేదా డిష్ ముందు చేతికి ఉండే ఎల్‌ఎన్‌బి డబ్బా మీద అనుమానం పెట్టుకోవాలి. స్ట్రెంత్ ఉండి క్వాలిటీ సున్నా అయితే వైర్ బాగానే ఉంది, డిష్ దారి తప్పింది లేదా ఏదో అడ్డం ఉంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

నాలుగు, వైర్. బాక్స్ ఆపేసిన తర్వాతే విప్పండి. నడుమ రాగి తీగ తళతళ మెరవాలి, పిన్నులోంచి కొంచెం బయటికి రావాలి. చుట్టూ ఉండే సన్న తీగల్లో ఒక్కటి కూడా నడుమ తీగకు తాకకూడదు. పచ్చగా, నల్లగా అయితే నీళ్లు దిగినట్టు. ఆ కొన కోసి కొత్తగా పెట్టి టేపు చుట్టండి. మన ఇళ్లల్లో వైర్ తెగితే కరెంటు తీగ లెక్క మెలేసి కలుపుతారు. కరెంటుకు అది నడుస్తదేమో, డిష్‌కు నడవదు.

ఐదు, పైపు. కోతి ఊపినా, గాలికి కదిలినా, పిల్లలు బట్టలు ఆరేసినా డిష్ కదులుతది. రెండు మూడు డిగ్రీలు తప్పితే చాలు, బొమ్మ పోతది. దారానికి రాయి కట్టి వేలాడదీసి పైపు నిటారుగా ఉందో లేదో చూడండి. పైపు వంకరగా ఉంటే డిష్ ఎంత తిప్పినా కుదరదు. నట్లు వదులు చేసేముందు పాత చోటు పెన్నుతో గీత గీసుకోండి. ఒకరు టీవీ దగ్గర, ఒకరు డిష్ దగ్గర, నడుమ కేక వేయడానికి ఒకరు. వేలు మందం తిప్పాలి, మూడు నాలుగు సెకన్లు ఆగాలి, చూడాలి. బాక్స్‌లో గీత వెంటనే లేవదు. తొందరపడేవాళ్లు అక్కడే ఓడిపోతారు.

ఆరు, నీడ పరీక్ష. అక్టోబర్ మొదటి వారంలో, మళ్లీ మార్చి రెండో వారంలో, పొద్దున 11 గంటలకు అటూ ఇటూ సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం ఉన్న చోటికే వస్తడు. ఆ రోజుల్లో కొన్ని నిమిషాలు అందరికీ బొమ్మ చెదురుతది, భయపడొద్దు. ఆ టైంలో సూర్యుడి వంక చూడకండి, డిష్ పళ్లెం చూడండి. మొత్తం ఎండ పడితే దారి ఖాళీ. ఆకు నీడ పడితే దొంగ దొరికినట్టే. ఏ మిషన్ అక్కర లేదు, దసరా సెలవుల్లోనే ఇది కుదురుతది.

చివరిది, కొన్ని చానళ్లే పోయి మిగతావి వస్తుంటే డిష్‌ను ముట్టుకోకండి. చానళ్లు చోటు మారుతుంటాయి. మెనూలో ఆటో స్కాన్ కొట్టండి. పాత ఎంపెగ్-2 బాక్సుల్లో కొత్త ఎంపెగ్-4 చానళ్లు ఎంత స్కాన్ చేసినా రావు, దానికి బాక్సే మార్చాలి.

డబ్బు కట్టే కంపెనీల డిష్‌లలో చాలావాటి ఉపగ్రహాలు వేరే చోట ఉంటాయి, వాటి దిక్కు వేరు. మిగతా పరీక్షలన్నీ వాటికి కూడా అవే.

కొంతమంది అంటారు, ‘ఇప్పుడు టీవీ ఎవరు చూస్తున్నారు, అందరి చేతుల్లో ఫోన్లే కదా’ అని. హాస్టల్ల ఉన్న మనకు అట్ల అనిపిస్తది. టవర్ అందని గూడెంల ఉన్న చెల్లెకు, రీచార్జ్ చేయించలేని అవ్వకు అట్ల కాదు. ఫ్రీ డిష్‌కు నెల నెలా పైసా కట్టనవసరం లేదు. బడి తరగతుల పాఠాల చానళ్లు, కాలేజీ పాఠాల స్వయం ప్రభ, వార్తలు, వానల ముచ్చట అన్నీ అందులో వస్తాయి. మళ్లీ ఏదో ఒక రోజు బడి మూతపడితే మనకు మిగిలేది అదే.

ఇంకొంతమంది అంటారు, ‘మనమే అన్నీ సర్దుకుంటూ పోతే ప్రభుత్వాన్ని అడిగేది ఏముంటది’ అని. మా అభిప్రాయం దీనికి ఉల్టా. మనం చేసుకోగలిగింది ఏదో, వాళ్లు చేయాల్సింది ఏదో తేల్చి చెప్పగలిగినప్పుడే మన అడుగుడుకు బలం. ‘మాకు ఏ సిగ్నలూ రాదు’ అంటే విన్నోళ్లు నవ్వి పోతారు. ‘మా దగ్గర డిష్ పనిచేస్తది, అది మేమే చూసుకున్నాం. టవర్ లేదు, అది మీరు కట్టాలి’ అంటే జవాబు చెప్పాల్సిందే. కేస్లాపూర్ నాగోబా దర్బార్‌కు దరఖాస్తు పట్టుకుని పోయేటప్పుడు ఈ తేడా తెలిసి పోదాం.

మాకు కోపం మెకానిక్ మీద లేదు. ఆయనకు ఆ రోజు తోచింది చెప్పిండు. కోపం మా మీదనే. ‘మనకు రాదు’ అని ఎవరో అనంగనే ఎందుకు అని అడగకుండా తల ఊపినం. మన పెద్దోళ్లు అడవిలో ఆకు చూసి, మబ్బు చూసి ఎన్నో చెప్తారు. ఆ చూపుతో ఒక్కసారి డిష్ వెనుక నిలబడి పైకి చూసి ఉంటే టేకు చెట్టు అప్పుడే దొరికేది.

ఈ సెలవుల్లో ఒక్కొక్కరం మన ఇల్లు, ఇంకో రెండు ఇళ్లు చూద్దాం. చేసేటప్పుడు తమ్ముణ్నో చెల్లెనో పక్కన నిలబెట్టుకుని వాళ్ల చేతనే నట్లు తిప్పించండి. మనం మళ్లీ హాస్టల్‌కు వచ్చేస్తాం, గూడెంల ఉండేది వాళ్లే. ఏం లోపం దొరికిందో ఇక్కడ రాయండి. కుదరకపోతే మెనూలోని రెండు గీతల ఫోటో పెట్టండి, అందరం కలిసి చూద్దాం.

జోహార్. జై ఆదివాసీ.