వాళ్లు గుడ్లు దాచారు, మనం మట్టి కూడా దాచలేదు

పోయిన వీడియోలో గుప్పెడు మట్టి చూపించి "ఎనిమిదేళ్లలో నా నేలలో విషం పోయింది" అన్నాను కదా. అది చూసి మా దగ్గర బియ్యం తీసుకునే ఒక మేడం గారు ఫోన్ చేశారు. "అప్పుడు ఎంత ఉండేది బాబూ? కాగితం ఏమైనా ఉందా?" అని అడిగారు. ఇప్పటి రిపోర్టు ఉంది. అప్పటిది లేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

డిప్లొమాలో మట్టి నమూనా ఎలా తీయాలో నేర్పారు, దాన్ని దాచి పెట్టుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. దాచడం అంటే ఏంటో నాకు అర్థమైంది కెనడా వాళ్ల పక్షి గుడ్ల సంగతి చదివాకే.

కెనడా, అమెరికా మధ్య గ్రేట్ లేక్స్ అని సముద్రాల్లాంటి మంచినీటి సరస్సులున్నాయి. అక్కడ హెర్రింగ్ గల్ అనే పక్షి ఏడాదంతా ఉంటుంది, చేపలు తింటుంది. 1970ల మొదట్లో ఒంటారియో సరస్సులో ఈ పక్షుల గుడ్లు సరిగా పొదగలేదు. డీడీటీ లాంటి మందులు నీళ్లలో కరగవు, కొవ్వులో చేరతాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకి, అక్కడి నుంచి పక్షికి పోగవుతూ పోతాయి. తల్లి తన కొవ్వుతో పచ్చసొన తయారు చేసినప్పుడు గుడ్డులోకి దిగుతాయి. అంటే ఒక్క గుడ్డు చూస్తే ఆ సరస్సు సంగతి తెలుస్తుంది.

అందుకే 1974 నుంచి కెనడా ప్రభుత్వ వన్యప్రాణి విభాగం వాళ్లు ప్రతి వసంతంలో అవే దీవులకు వెళ్లి, ఒక్కో చోట పది పన్నెండు గుడ్లు తెస్తున్నారు. ఒక గూటి నుంచి ఒక్కటే. కొంత పరీక్షకి పోగా, మిగిలింది గడ్డకట్టించి దాస్తారు. పక్షి గుడ్డు తీయడం పాపం కాదా అంటారా? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ గుడ్లు చెప్పిన లెక్కల వల్లే, నిషేధాలు పెట్టాక డీడీటీ అవశేషాలు బాగా తగ్గాయని రుజువైంది.

నన్ను కదిలించింది మాత్రం ఇంకోటి. సోఫాల ఫోమ్‌లో, టీవీల్లో మంటలు అంటుకోకుండా కలిపే పీబీడీఈ అనే రసాయనాల గురించి 1981లో ఆ గుడ్లు దాచినవాళ్లు వెతకలేదు. తర్వాత అనుమానం వచ్చి పాత గుడ్లు తీసి చూస్తే, 2000 వరకు సుమారు 3 ఏళ్లకోసారి రెట్టింపవుతూ వచ్చినట్టు తేలింది. 2002లో ఆ లెక్క అచ్చయింది. 2009లో వాటిలో కొన్ని రకాలు స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలోకి వెళ్లాయి. రేపు ఏం అడుగుతారో తెలియకుండానే దాచారన్నమాట!

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని చోట్ల పక్షులు చేపలు తగ్గించి, గట్టు మీద దొరికే తిండి తినడం మొదలుపెట్టాయి. అందువల్ల కూడా గుడ్డులో విషం తగ్గినట్టు కనిపించింది. కాబట్టి ఏం తిన్నదో కూడా లెక్కలో పెట్టారు. మరి మనం? బయట కొన్న పేడలో, గడ్డిలో ఏం వచ్చిందో ఎవరైనా రాసుకుంటున్నామా? మన దేశంలో సేద్యానికి డీడీటీ వాడకం 1989లో ఆపారు, ఎండోసల్ఫాన్ 2011లో ఆగింది. మా నాన్న ఆ రెండూ చల్లిన పొలమే ఇది. ఇందులో తగ్గింది నా జీవామృతం వల్ల ఎంత, కాలం గడవడం వల్ల ఎంత? నేను చెప్పలేను. కాబట్టి ఆ వీడియోలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

సర్టిఫికెట్ ఆ రోజు మాటే చెబుతుంది, అదీ వాళ్ల జాబితాలో ఉన్న మందుల గురించే. అందుకే ఈ ఏడాది దుక్కికి ముందు మూడు మడుల్లో, గుర్తు రాళ్లు పాతిన చోట్ల మట్టి తీసి, నీడలో ఆరబెట్టి గాజు సీసాల్లో పోశాను. తేదీ, లోతు, ఆ ఏడాది వేసినవన్నీ చీటీ మీద రాశా. మన గల్ పక్షి మన నాటుకోడే, రోజంతా మట్టి గీరి తింటుంది కాబట్టి. నాలుగు గుడ్లు పగలగొట్టి సొన సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టా. "కూరకి లేవు గానీ దాచడానికి ఉన్నాయా" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

మీలో ఎవరి దగ్గరైనా ప్రకృతి సేద్యం మొదలుపెట్టిన ఏడాది మట్టి ఏ డబ్బాలోనైనా మిగిలి ఉంటే చెప్పండి, నేనే వస్తాను. దాన్నీ, ఇప్పటి మట్టినీ పక్కపక్కన పరీక్ష చేయిద్దాం. ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా వీడియోలో చూపిద్దాం.