పేరు లేని వీడియో, దొరకని సాక్ష్యము



గడచిన నెలలో బోధన్ ప్రక్క పల్లె నుండి ఒక తల్లి తన మనుమరాలిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. “అయ్యగారూ, మా ఆయన గుడిల సాక్ష్యం చెప్పిండు గదా, అది యూట్యూబ్‌ల ఉన్నదంట. ఈ పిల్లకు తాత గొంతు యాదికి లేదు. జర ఇనిపియ్యిండ్రి” అని అడిగినది. ఆ సహోదరుడు ప్రభువునందు నిద్రించి కొన్ని యేండ్లాయెను. తప్పక వినిపించెదమని ఫోను తెరిచితిమి. తెరిచిన పిమ్మట సిగ్గుపడితిమి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మందిర ద్వారములు మూయబడినప్పుడు, అనేక సంఘములవలె మేమును ఆరాధనలను యూట్యూబులో పెట్టనారంభించితిమి. ఆ అలవాటు నేటికిని మానలేదు. వీడియోలు వందలాయెను. కొన్నిటికి “ఆదివార ఆరాధన” అని మాత్రమే పేరు. మరికొన్నిటికి ఫోను ఇచ్చిన అంకెలే పేరు. ఎక్కించునప్పుడు మనము వేరొక పేరు వ్రాయనియెడల ఫైలు పేరే శీర్షికగా నిలుచును. మూడు సాయంత్రములు వెదకితిమి, దొరకలేదు.

నాలుగవ దినమున యౌవనస్థుల కూటములోని ఒక చెల్లెలు, “ఆ దినము వాన కురిసి కరెంటు పోయింది అయ్యగారూ, తాత చీకట్లోనే మాట్లాడినాడు” అని జ్ఞాపకము చేసినది. వానాకాలపు ఆదివారములన్నియు తిప్పి చూడగా, 2022 జూన్ 19 నాటి వీడియోలో, ఒక గంట పన్నెండు నిమిషములు గడచిన తరువాత, చీకటిలో ఆయన స్వరము వినబడెను. అయిదు నిమిషముల మాట. ఆ చిన్నది “మళ్ళా పెట్టుండ్రి” అని మూడు మారులు అడిగినది.

ఆ సాక్ష్యము ఎన్నడును పోలేదు. మేము దానికి పేరు పెట్టలేదు, అంతే. ఆ చెల్లెలికి వాన జ్ఞాపకముండకపోయిన యెడల అది ఉండియు లేనట్లే గదా!

మా చిన్నతనమున శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరుట చూచితిమి. 1937లో నెలకొల్పబడిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. కాంటా దగ్గర రైతు పేరు, ఊరు, తూకము చీటీ మీద వ్రాసెడివారు. చీటీ లేకపోయినంత మాత్రమున చెరకు తీపి తగ్గదు. అయితే ఆ సొమ్ము ఎవరికి చేరవలెనో ఎవరు చెప్పగలరు? వీడియోకు అట్టి చీటీనే మెటాడేటా అందురు. అనగా వీడియోను గూర్చిన వివరము. 1995లో అమెరికాలోని డబ్లిన్ అను పట్టణమున గ్రంథాలయ నిపుణులు, కంప్యూటరు నిపుణులు కూడి ఆరంభించిన పని నుండి 15 వివరముల పట్టిక ఏర్పడెను. శీర్షిక, కర్త, తేదీ, విషయము అందులోనివే. మన బాప్తిస్మపు రిజిస్టరులోని గడులు చూచువారికి ఇది క్రొత్త సంగతి కాదు.

కాబట్టి మేము నేర్చుకొన్నది మీకును చెప్పుచున్నాము.

మొదటిది, ఫైలు పేరులో సంవత్సరము, నెల, తేదీ ఆ వరుసలోనే వ్రాయుడి. తరువాత ఊరు, సందర్భము, మనిషి పేరు. “2022-06-19 బోధన్ ఆరాధన సాక్ష్యము” అన్నట్లు. సంవత్సరము ముందుంచినచో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమమున నిలుచును. తేదీ ముందుంచినచో అన్ని నెలల ఒకటవ తేదీలు ఒకచోట చేరి కలగాపులగమగును.

రెండవది, వాట్సాపులో వచ్చిన వీడియో పేరులోని తేదీని నమ్మకుడి. అది తీసిన తేదీ కాకపోవచ్చును. పెండ్లియైన నెలకు పంపినవారు ఎందరు లేరు! తీసిన దినముననే పేరు మార్చుకొనుడి.

మూడవది, యూట్యూబులో శీర్షికకు 100 అక్షరముల వరకే చోటు. దాని క్రింది వివరణకు 5000 వరకు కలదు. అక్కడ ఏ నిమిషమున ప్రార్థన, ఏ నిమిషమున సాక్ష్యము అని వ్రాయుడి. 0:00 మొదలుకొని కనీసము మూడు సమయములు వరుసగా వ్రాసినచో వీడియో అధ్యాయములుగా విడిపోవును. ఊరి పేరు ప్రతిసారి ఒకే విధముగా వ్రాయుడి. వెదకువారు ఆంగ్లాక్షరములలోను వెదకుదురు గనుక ఆ విధముగా కూడ ఒకసారి వ్రాయుడి.

ఒక హెచ్చరిక. రోగుల పేర్లు, పిల్లల పేర్లు, ఇంటి గుర్తులు ఇంటివారి అనుమతి లేక వ్రాయరాదు. వెదకువారికి సహాయమగునదే కీడు తలపెట్టువారికిని సహాయమగును.

లూకా తన సువార్త మూడవ అధ్యాయమున యోహాను పరిచర్యను చెప్పకముందు, ఏ చక్రవర్తి ఏలుబడిలో ఎన్నవ సంవత్సరమో, అధిపతి ఎవరో, యాజకులెవరో వ్రాసెను. తరువాత వచ్చువారి కొరకు ఆయన పడిన ప్రయాస అది.

ఈ రాత్రి భోజనమైన పిమ్మట మీ పిల్లలను ఫోనుతో దగ్గర కూర్చుండబెట్టుకొనుడి. అయిదు వీడియోలకు పేర్లు పెట్టుడి. ఎవరు మాట్లాడినది, ఎక్కడ, ఎప్పుడు అని వారికి చెప్పుచు వ్రాయించుడి. మేము ఆ సహోదరుని అయిదు నిమిషములను వేరుగా కత్తిరించి, ఆయన ఇంటివారిని అడిగి, పేరు వ్రాసి ఆ తల్లి ఫోనులో భద్రపరచితిమి. మిగిలిన వందలు ఇంకను మా యెదుట ఉన్నవి. వారమునకు పది చొప్పున చేయుచున్నాము.