పిల్లి కష్టం, విమానం తేలిక

శంషాబాదులో 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. తలమీదుగా విమానం పోతే ఇక్కడి పిల్లలు ఇప్పుడు తలెత్తరు. పక్కింటి పదేళ్ళ కుర్రవాడు మాత్రం నేటికీ ఎత్తుతాడు. చదివేది అయిదో తరగతి. వాచకంలో ఒత్తు కనబడిన ప్రతిచోటా ఆగిపోతాడు. అతని స్థాయికి తగినదని బడిలో ఒకటో తరగతి పుస్తకమిచ్చారట. అట్టమీద పిల్లి. తోటివారు నవ్వుతారని సంచి అడుగున దాచాడు.

స్థాయినిబట్టి పుస్తకమివ్వడాన్ని నేను కాదనను. ఆ వయసులో చందమామలు నమిలేశామని చెప్పుకునే పెద్దలతో (నేనూ ఒకడినే) ఈ పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో కథలకు నాలుగు స్థాయులున్నాయి. తెలంగాణ బడుల్లో 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. మంచిదే. నా పేచీ అల్లా 'తేలిక' అన్న మాటతోనే.

అమ్మ, నాన్న, అక్క, పిల్లి, కుక్క: నోటికి ఇంతకంటె తేలికైన మాటలు లేవు. కంటికో? అన్నీ ద్విత్వాలే! విమానం, ఆకాశం పెద్దమాటల్లా వినబడతాయి గాని, వాటిలో ఒక్క ఒత్తు లేదు. ఆంగ్లంలో పసిమాటగా ఉన్నది తెలుగులోకి రాగానే పసిమాటగా మిగలదు. కనుక పదాలు లెక్కపెట్టి స్థాయి నిర్ణయిస్తే మనకు చాలదు, లిపిని చూడాలి. విషయాన్ని మాత్రం వయసునుబట్టే ఉంచాలి. చదవడం రానంత మాత్రాన పదేళ్ళవాడి బుద్ధి ఆరేళ్ళది కాదు గదా!

ఒత్తుల్లేని తెలుగు రాయడం ఎంత యాతనో కూర్చుంటే గాని తెలియలేదు. ఉన్నాడు, వచ్చాడు, చూస్తాడు, ఎటు తిరిగినా ఒత్తే. గంటసేపు కొట్టివేతల తరువాత మిగిలినవి ఇవి: "విమానం పైకి ఎగిరింది. ఆకాశంలో తిరిగింది. మరో ఊరికి పోయింది."

కుర్రవాడు ఆగకుండా చదివాడు. కాగితం తిప్పి చూసి, "మరి టైర్లేవి తాతా? టైర్లు లేకుంటే ఎట్ల దిగుతది?" అన్నాడు.

లావత్తు పెట్టక తప్పలేదు. 'టైర్లు' అని రాసి ఇచ్చాను. అక్కడ ఒక్క క్షణం ఆగాడు, పెదవులు కదిపాడు, చదివేశాడు.